విశేషణానికి ఆధారం చూపాలి



తెలుగు పరిశోధన వ్యాసాల్లో ‘అద్భుతం’, ‘అద్వితీయం’ వంటి మాటలే ఉండకూడదన్న మీ పత్రిక గత సంచిక వ్యాసంతో సగమే ఏకీభవిస్తాను. ‘ఈ కవి శైలి అత్యద్భుతం’ అని రాసి, కింద ఒక్క పద్యమైనా చూపకుండా తర్వాతి అధ్యాయానికి వెళ్లిపోయే సిద్ధాంత గ్రంథాలు చదివితే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ బాగోగులు తేల్చనిది విమర్శ ఎలా అవుతుంది? కట్టమంచి రామలింగారెడ్డి 1914లో వెలువరించిన ‘కవిత్వతత్త్వ విచారము’లో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని మెచ్చుకున్నారు, లోపాలూ ఎత్తిచూపారు. రెండింటికీ కారణాలు చెప్పారు. అందుకే ఆ పుస్తకంతో వాదించడానికైనా పండితులు కూర్చోవలసి వచ్చింది.

మా పక్కనే శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. న్యాయశాస్త్రంలో ఒక తీర్పును సమీక్షించే విద్యార్థి ‘ఈ తర్కం బలహీనం’ అనవచ్చు. అయితే ఏ పేరాలో, ఎందుకు బలహీనమో చూపాలి. తెలుగు శాఖలకూ అదే కొలత పెట్టాలి. మరోవైపు ‘బహుశా’, ‘అనిపిస్తోంది’ అని రాస్తే కొట్టేసే పర్యవేక్షకులున్నారు. అది అన్యాయం. ఆధారం ఉన్నంత మేరకే గట్టిగా చెప్పడం పరిశోధకుడి నిజాయితీ.

విశేషణాలను నిషేధించమని దయచేసి రాయకండి. ప్రతి విశేషణానికీ ఒక ఉదాహరణ అడగమని పర్యవేక్షకులను కోరండి.

— ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు, మేడ్చల్