నేను అడగని ఫైళ్ళు

"స్టార్ డాట్ డాక్" అని వెతికితే డాక్ఎక్స్ ఫైళ్ళు కూడా వస్తాయని మీకు తెలుసా? పదేళ్ళుగా కోడ్ రాసి జీతం తీసుకుంటున్న నాకు తెలీదు.

మా అమ్మమ్మ చెప్పిన కథలు 23, కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసి పెట్టుకున్నాను. అన్నీ పాత వర్డ్ ఫైళ్ళు. ఒక శనివారం కూర్చుని వాటిని కొత్త డాక్ఎక్స్‌లోకి మార్చాను. పాతవి తీసేద్దామని సీ షార్ప్‌లో ఐదు లైన్ల ప్రోగ్రాం రాశాను. ఫోల్డర్లో డాక్ ఫైళ్ళు వెతుకు, దొరికినవి డిలీట్ చెయ్యి. అంతే. చూస్తే ఫోల్డర్ ఖాళీ. ప్రోగ్రాం చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్ళవు.

సంగతేమిటంటే, డాస్ రోజుల్లో ఫైలు పేరుకి 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కి 3, అంతకు మించి కుదిరేది కాదు. విండోస్ 95తో పొడుగు పేర్లు వచ్చాయి. పాత ప్రోగ్రాములు వాటిని చదవలేవు కాబట్టి విండోస్ ప్రతి పొడుగు పేరుకీ వెనకాల ఒక పొట్టి పేరు కూడా పెట్టేది. ఇంట్లో ముద్దుపేరు, స్కూల్లో అసలు పేరు ఉన్నట్టు. నా "అమ్మమ్మ కథలు" పాత ఫైలుకి మొదటి ఆరు ఇంగ్లిషు అక్షరాలు, ఆ తర్వాత ~1. పక్కనే ఉన్న కొత్త ఫైలుకి అవే ఆరు అక్షరాలు, ~2. ఎక్స్‌టెన్షన్‌కి మూడే అక్షరాలు కాబట్టి డాక్ఎక్స్ కాస్తా అక్కడ డాక్ అయిపోయింది. వెతికేవాడు రెండు పేర్లూ చూస్తాడు. కమాండ్ ప్రాంప్ట్‌లో "డిర్ /ఎక్స్" కొడితే ఆ పొట్టి పేర్లు మీకూ కనిపిస్తాయి. అన్ని డ్రైవుల్లో ఉండవు. అందుకే ఒకచోట సరిగ్గా నడిచిన కోడ్ ఇంకోచోట కొంప ముంచుతుంది.

"డాక్యుమెంటేషన్‌లో ఉంది కదరా" అన్నాడు మా ఫ్రెండు. ఉంది, నిజమే. కానీ ఆ మాటతో నాకు పేచీ ఉంది. 1995లో పాత ప్రోగ్రాముల కోసం ఆ ఏర్పాటు న్యాయమే. 2002లో వచ్చిన డాట్ నెట్, అదే పాత మతలబుని కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో ఎందుకు పెట్టాలి? తర్వాత వచ్చిన డాట్ నెట్ కోర్‌లో ఆ పొట్టి పేర్ల గొడవ లేదు. అంటే తీసెయ్యడం కుదిరే పనే. వెతికి చూపించేటప్పుడు నాలుగు ఎక్కువ చూపించినా ఫరవాలేదు. ఆ జాబితాని నమ్మి చెరిపేవాడి గతేమిటి?

నా తప్పు లేదనను. ఇప్పుడు ప్రతి ఫైలు ఎక్స్‌టెన్షన్‌నీ కోడ్‌లో మళ్ళీ పోల్చి చూస్తున్నాను. చెరిపే లైను రాసేముందు పేర్లన్నీ తెర మీద ప్రింట్ చేయించి, కాఫీ తాగుతూ ఒకటికి రెండుసార్లు చదువుతున్నాను. ఆ రోజు ఒక్కసారి చదివినా 23కి బదులు 46 పేర్లు కనిపించేవి.

పిన్నికి ఎప్పుడో మెయిల్లో పంపినవి 17 దొరికాయి. మిగిలిన ఆరూ మా ఇంట్లో ఆవిడ ఒక్కతికే గుర్తు. ఆదివారం పొద్దున్నే, ఆవిడకి రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తున్నాను. రెండయ్యాయి. మూడోదాంట్లో కోమటి కొడుకు పేరు దగ్గర ఆగిపోయింది, గుర్తు చేసుకుని చెప్తానంది.