కట్టేద్దామా, కోర్టుకెడదామా?

సెలవులొస్తే హెర్న్‌డన్ మనవాళ్ళ కార్లు ఐ-95 మీద దక్షిణానికి బయలుదేరతాయి. తిరిగొచ్చేటప్పుడు కొందరి సామానులో ఓ సమను కాగితం కూడా ఉంటుంది. నార్త్ కారొలైనా సరిహద్దు దగ్గరి ఎంపోరియాలో ఆపారనుకోండి. వాయిదాకు వెళ్ళాలంటే ఒకవైపుకే సుమారు మూడు గంటల దారి, ఆపైన ఓ రోజు సెలవు. అందుకే చాలామంది "పీడ వదిలింది" అనుకుని డబ్బు కట్టేస్తారు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడన్న సామెత వింటూ పెరిగినవాళ్ళం గదా!

కాని ఇక్కడ ఓ మెలిక ఉంది. పోలీసు ఇచ్చిన కాగితం మీద సంతకం పెడితే నేరం ఒప్పుకున్నట్టు కాదు. ఫలానా తేదీకి వస్తామని మాట ఇచ్చినట్టు మాత్రమే. ముందుగా డబ్బు కడితే మాత్రం ఒప్పుకున్నట్టే. జరిమానా ఒక్కసారితో పోతుంది; లైసెన్సు రికార్డులో చేరిన పాయింట్లు అంత తొందరగా పోవు. హద్దు మీద 10 నుంచి 19 మైళ్ళ వేగం ఎక్కువైతే 4 పాయింట్లు. ఆ శిక్ష అయిదేళ్ళు రికార్డులో ఉంటుంది. ఇన్సూరెన్సు కంపెనీ చూసేది ఆ రికార్డునే.

అంతకంటె ముఖ్యమైనది మరొకటి. వర్జీనియాలో గంటకు 85 మైళ్ళు దాటితే, హద్దు ఎంతయినా సరే, అది "రెక్‌లెస్ డ్రైవింగ్". 2020 జూలైకి ముందు 80 దాటితేనే అలా ఉండేది. హద్దు 70 ఉన్నచోట 86లో వెళితే "పదహారేగా ఎక్కువ" అనిపిస్తుంది. చట్టం దృష్టిలో అది క్రిమినల్ నేరం: గరిష్ఠంగా ఏడాది జైలు, 2,500 డాలర్ల జరిమానా, 6 పాయింట్లు, రికార్డులో పదకొండేళ్ళు. డబ్బు కట్టి ఇంట్లో కూర్చునే వీలు దీనికి లేదు. రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు ఈ సంగతి చెప్పి తీరాలి. వీసా మీద ఉన్నవారు వాయిదాకు ముందే లాయరును సంప్రదించడం క్షేమం.

కాబట్టి ముందు కాగితంలో ఏ సెక్షను రాశారో చూడండి. మామూలు వేగం టికెట్టయి, రికార్డు శుభ్రంగా ఉండి, ప్రయాణం ఖర్చు తడిసి మోపెడయ్యేట్టుంటే కట్టేయడంలో తప్పులేదు. ఇదివరకే పాయింట్లు ఉంటే మాత్రం ఆలోచించండి. మామూలు టికెట్టుకు మన బదులు లాయరు హాజరు కావచ్చు. రెక్‌లెస్ కేసులో మనం స్వయంగా రావాలో లేదో ఆ కోర్టు గుమాస్తాకు ఫోను చేసి కనుక్కోవాలి. స్పీడోమీటరు పరీక్ష చేయించిన కాగితం ఉంటే జడ్జీగారు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటారు. తీర్పు నచ్చకపోతే పది రోజుల్లోగా సర్క్యూట్ కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ విచారణ మళ్ళీ మొదటినుంచీ జరుగుతుంది.

మేము లాయర్లం కాము. మాకు తోచింది ఇంతే. నలుగురికీ తెలిస్తే నామోషీ అని గుట్టుగా కట్టేయకండి. పంతానికి పోయి కోర్టెక్కనూ వద్దు. జరిమానా ఎంతో చూసి కాదు, రికార్డులో ఏం మిగులుతుందో చూసి తేల్చుకోండి.