మన ఇంటి పనికి వచ్చినవారు క్షేమంగా ఇల్లు చేరాలి



క్రిస్మస్ దగ్గరపడుతుంటే మన ఇళ్లకు, చర్చిలకు రంగులు వేయించుకోవడం ఆనవాయితీ. నిచ్చెన జారి పడినవారిని, పరంజా విరిగి పడినవారిని, ఇక నిలవలేమని తెలిసి కిందికి దూకినవారిని చూసే మాకు మాత్రం ఆ రోజుల్లో గుబులుగా ఉంటుంది.

"వాడి తలరాత అలా ఉంది" అంటారు కొందరు. మేము ఒప్పుకోము. పుచ్చిపోయిన సరుగుడు బాదు, వదులైన కట్టు, తడి నేల మీద నిలబెట్టిన నిచ్చెన తలరాతలు కావు. అవి ముందే చూసి సరిచేయగలిగినవి.

చట్టం చూసుకుంటుందిలే అనుకుందామా? భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన చట్టం, 10 లక్షల రూపాయలు మించని సొంత ఇంటి పనిని మినహాయించింది. 2020 నాటి వృత్తి భద్రతా నియమావళి ఆ హద్దును 50 లక్షలకు పెంచింది. అంటే మనలో చాలామంది ఇళ్ల పని దాని పరిధిలోకి రాదు. అక్కడ పనివారి ప్రాణానికి పూచీ మనదే. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలని, లేకుంటే పడినవాని దోషం ఆ ఇంటి మీదికి వస్తుందని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం ఏనాడో హెచ్చరించింది.

కనుక పని మొదలుపెట్టే ముందు బాదులు, కట్లు మీరే మేస్త్రితో కలిసి చూడండి. నిచ్చెన కింద ఒకరిని నిలబెట్టండి. పై అంతస్తు పనికి భుజాలను, తొడలను పట్టి ఉంచే బెల్టు ఇప్పించి, దాని తాడు గట్టి ఆధారానికి కట్టించండి. వాన వస్తే పని ఆపించి, ఆ పూట కూలి ఇచ్చి పంపండి. ఆ కూలి పోతుందనే చాలామంది తడి పరంజా ఎక్కుతారు.

ఎవరైనా పడితే కాళ్లొకరు, చేతులొకరు పట్టుకుని ఆటోలో కుక్కకండి. వెన్నుపూస విరిగి ఉంటే, ఆ ఎత్తుడులోనే వెన్నుపాము దెబ్బతినవచ్చు. అది తెగితే తిరిగి అతకదు. కాళ్లు పడిపోతాయి, మూత్రం మీద అదుపు పోతుంది, మంచాన పడి ఒళ్లు పుండ్లవుతుంది. మెడ, నడుము కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. నీళ్లు తాగించకండి.

లేచి నడిచాడు కదా అని ఇంటికి పంపవద్దు. కాళ్ల మీద పడినప్పుడు దెబ్బ మడమతో ఆగదు, నడుము దాకా పాకుతుంది. మడమ నొప్పి ముందు వెన్ను నొప్పి తెలియకపోవచ్చు. మడమ విరిగినవారికి నడుము కూడా పరీక్ష చేయించాలి.

గోడకు రంగు నాలుగేళ్లుంటుంది. పడినవాని కుటుంబానికి ఆ దెబ్బ జీవితకాలం ఉంటుంది. బెల్టు, తాడు ఖర్చును కూడా రంగు ఖర్చులోనే కలిపి లెక్కవేసుకోమని మా మనవి.