రసవిఘ్నమా? ప్రయోగఫలమా?

మాచుపల్లి కైఫియతులో ఒక కథ కలదు. సిద్ధవటము సీమ నేలుచుండిన సమ్మెట గురవరాజు ధనమునకై ప్రజలను, స్త్రీలను సైతము, క్రూరముగా హింసించుచుండగా ఆ త్రోవను పోవుచున్న కూచిపూడి భాగవతులు చూచిరట. వారు విజయనగరము చేరి వీరనరసింహరాయల యెదుట కేళిక పట్టినప్పుడు, ఒకడు గురవరాజై, ఒకడు భటుడై, ఒకడు హింసకు లోనగు స్త్రీయై, తాము చూచినదానినే ఆడి చూపిరి. రాయలు గ్రహించి, సైన్యమును పంపి గురవరాజును పట్టించి చంపించెనని కథ.

ఇది 16వ శతాబ్ది ఆరంభమునాటి మాట. కైఫియతు వ్రాతకెక్కినది మెకంజీ కాలమున, అనగా ఇంచుమించు మూడు వందల యేండ్లకు పిమ్మట. కావున ప్రతి వివరమును చరిత్రగా గొనుటకు వీలు లేదు. కూచిపూడివారి ప్రాచీనతకు నిదర్శనముగా దీనిని మనవారు పలుమార్లు ఉదాహరించిరి. నన్ను నిలిపిన అంశము వేఱు. ఆ కేళికకు ప్రతి లేదు. దరువు లేదు, పద్యము లేదు, కర్త పేరు లేదు. మన సాహిత్యచరిత్రల కొలతలో అది పుట్టనట్టిదే. ఐనను ఇంతటి ఫలము నిచ్చినట్లు చెప్పబడిన తెలుగు ప్రయోగము మఱియొకటి నాకు తోపదు.

ఆలంకారికులు దీని నెట్లు తూచెదరు? రంగము మీది దుఃఖము ఆస్వాద్యమగుటకు సాధారణీకరణము కారణమని భట్టనాయకుడు చెప్పెను. ఆ దుఃఖము నాదియు కాదు, పరునిదియు కాదు. దేశకాలముల కట్టు వీడినది. అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నములను లెక్కించుచు, ప్రేక్షకుడు తాను చూచుదానిని తనకో, పరునకో, ఒక దేశకాలమునకో ముడివేసికొనుటను వానిలో చేర్చెను. ఆ లెక్కన రాయలు సహృదయుడు కాజాలడు. ఆయన సిద్ధవటమును తలచెను, గురవరాజును తలచెను. ఆస్వాదించుటకు మాఱు సేనను పిలిచెను. విఘ్నమనుటకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. కాని ఆడినవారు కోరినది ఆ విఘ్నమునే గదా!

ఈ విఘ్నము ఎల్లప్పుడు న్యాయపక్షమున నిలుచునని నేను చెప్పను. దీనబంధు మిత్రుని నీలదర్పణము 1860లో ఢాకాలో అచ్చైనది. 1872 డిసెంబరులో కలకత్తా నేషనల్ థియేటరు దానితోనే ఆరంభమైనది. 1875లో లక్నోలో ఆ నాటకమాడుచుండగా జరిగినదానిని నటి వినోదినీ దాసి తన ఆత్మకథలో వ్రాసినది. నీలిమందు తోటల దొరను తోరాపు అను రైతు పట్టి కొట్టు ఘట్టమున, చూచుచున్న తెల్లవారు ఆగ్రహించి రంగము మీదికి ఎగబ్రాకిరి, ఆట ఆగిపోయినది. వారును రాయలవలెనే ప్రేక్షకులు. వారును కదలింపబడినవారే. కదలించు శక్తి వేఱు, కదలినవాని ధర్మము వేఱు. ఈ రెంటిని కలిపి మాటాడుట చేతనే ‘ప్రచారనాటకము’ అను నిందకు మన విమర్శలో అంత చోటు దొరకినది.

పాలకులు మాత్రము ఈ విషయమున మనకన్న సూక్ష్మదృష్టి గలవారు. నీలదర్పణము ఆంగ్లానువాదమును ప్రచురించినందుకు 1861లో జేమ్సు లాంగు పాదరికి నెల దినముల చెఱయు, వేయి రూపాయల జరిమానాయు విధించిరి. అది అచ్చు పుస్తకమునకు పడిన శిక్ష. ఆట రంగమెక్కిన తర్వాత అది చాలలేదు. 1876లో నాటక ప్రదర్శనల చట్టము పుట్టినది. గజదానందుడను పేర కలకత్తాలో ఆడిన ప్రహసనము దానికి తక్షణ కారణము. ఆ చట్టము నాటకముతోపాటు మూకాభినయమును సైతము తన పరిధిలో చేర్చినది. ప్రభుత్వముపై విరక్తి పుట్టించుటయు, ప్రదర్శనమునకు హాజరైనవారిని చెఱచుటయు నిషేధకారణములుగా చెప్పినది. మాట లేని ఆటయు మనుష్యులను కదలించునని, ఆ కదలిక హాజరైనవారియందు జరుగునని శాసనకర్త యెఱుగును. అభినయమును గూర్చి మన పాఠ్యప్రణాళికలకు లేని యెఱుక ఇది. 2018లో ఆ చట్టము రద్దైనది; ప్రణాళికలు అట్లే యున్నవి.

తెలుగున సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల మాభూమి నాటకమును గూర్చి (1947) వచ్చు వ్యాసములను చూడుడు. ఇతివృత్తము, పాత్రపోషణము, మాండలికము, సందేశము: ఇంతటితో సరి. ప్రజానాట్యమండలి దళములు ఊరూర దానిని ఆడినప్పుడు ఎక్కడ జనము నవ్విరి, ఎక్కడ లేచి నిలిచిరి, ఏ మాటను తిరిగి చెప్పించుకొనిరి అను ప్రశ్న వానిలో అరుదు. మద్రాసు ప్రభుత్వము నిషేధించినది ఆ ప్రశ్నకు సమాధానమునే కాని పుస్తకములోని పాత్రపోషణమును కాదు. నాడు చూచినవారిలో నేడు మిగిలినవారు ఎనుబది దాటినవారు.

బుఱ్ఱకథ విషయము ఇంకను కష్టము. షేక్ నాజరు (1920–1997) పల్నాటి యుద్ధము చెప్పినప్పుడు కథకునిది తంబుర, ఇరువైపుల వంతలవి గుమ్మెటలు. ఒక వంత హాస్యము చెప్పును, ఒక వంత నాటి రాజకీయమును ముడిపెట్టును. దేశకాలముల కట్టును విప్పవలెనని అభినవగుప్తుడనగా, ఆ కట్టును బిగించుటకే ఒక మనిషిని నిలిపిన కళారూపమిది! బాలచంద్రుని వీరమును ఆ సాయంకాలము, ఆ ఊరికి ముడివేయుట అతని పని. ఆ మాటలు ఊరిని బట్టి, వార్తను బట్టి మాఱుచుండును, అచ్చునకు లొంగవు. కథకుని రగడను పాఠపరిష్కరణ చేసి, వంత మాటలను ‘ప్రక్షిప్తము’లని తీసివేసినచో చేతికి దొరకునది పల్నాటి కథయే కాని బుఱ్ఱకథ కాదు.

విశ్వవిద్యాలయములలో యక్షగానములపైన, వీథినాటకములపైన సిద్ధాంతవ్యాసములు వచ్చుచున్నవి. పరిశోధకుడు తాళపత్రప్రతులను సంప్రతించుట తప్పనిసరి యని మనమందుము. ఆటను ఒక రాత్రి తెల్లవాఱువఱకు చూచి రావలెనని విధింపము. వంతను కూర్చుండబెట్టి, నిన్నటి ఊరిలో చెప్పిన మాట నేడేల మార్చితివని అడిగి వ్రాసికొన్నది కూడ ప్రతియే యని అంగీకరింపవలెను. ఆ ప్రతికి పాఠభేదములు తాటాకులలో నుండవు, ఊళ్ళలో నుండును.