నెగటివ్ పక్కన తేదీ వేయండి

విజయవాడ ప్రభుత్వాసుపత్రికి వెళ్లినా, డెల్టాలోని మరే ఐసీటీసీకి (సమీకృత కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రానికి) వెళ్లినా హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. దేశ సగటు కంటే హెచ్‌ఐవీ బాధితుల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రానికి అది పెద్ద అండ. అయితే అనుమానం కలిగిన వారానికే పరుగెత్తుకొచ్చిన మనిషికి ‘నెగటివ్’ అని వస్తే, ఆ మాటకు దాదాపు విలువ లేదు. ర్యాపిడ్ కిట్లు ప్రధానంగా వెతికేది వైరస్‌ను కాదు, దానికి ఎదురుగా ఒంట్లో పుట్టే యాంటీబాడీలను. వైరస్ సోకాక అవి పరీక్షకు అందడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. వైరస్‌లోని పీ24 యాంటిజెన్‌ను కూడా పట్టే ల్యాబ్ పరీక్షకు 18 నుంచి 45 రోజులు, వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే న్యాట్‌కు 10 నుంచి 33 రోజులు. ఎంత డబ్బు పోసినా మర్నాడే తేల్చే పరీక్ష లేదు. పైగా ఆ తొలి వారాల్లోనే ఇతరులకు సోకే ముప్పు ఎక్కువ. అందుకే తొందరగా వచ్చినవారి నెగటివ్ రిపోర్టు మీద మళ్లీ రావాల్సిన తేదీ పెద్దక్షరాల్లో ఉండాలంటాను.

కౌన్సెలర్లు నోటితో చెబుతూనే ఉన్నారు కదా అనవచ్చు. చెబుతారు, కానీ ‘నెగటివ్’ అని విన్నాక తర్వాతి మాట ఎవరి చెవికెక్కుతుంది? ఇలా రాస్తే జనం ముందుగా రావడమే మానేస్తారన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. ముందుగా రావడం వృథా కాదని కూడా ఆ కాగితమే చెప్పాలి: ముప్పు ఎదురైన 72 గంటల్లోపు వస్తే, అవసరమనుకుంటే వైరస్ సోకకుండా ఆపే 28 రోజుల పెప్ మందులు మొదలుపెడతారు. అవి వాడినవారికి పరీక్ష గడువు లెక్క మారవచ్చు. ఇక ఆటోనగర్ లారీ డ్రైవర్ మూడు నెలలకు ఏ రాష్ట్రంలో ఉంటాడో అంటారా, ఐసీటీసీలు దేశమంతటా ఉన్నాయి. దగ్గర్లోది ఎక్కడో హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే చెబుతారు.