అన్యరాష్ట్ర జలము, అడుగబడని జనము

2023 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ఈస్ట్ పాలస్తీన్ అను చిన్న పట్టణము చెంత గూడ్సు రైలు పట్టాలు తప్పగా, వినైల్ క్లోరైడు నిండిన ఐదు ట్యాంకర్లలోని పదార్థమును అధికారులు మూడవనాడు బుద్ధిపూర్వకముగా తగులబెట్టించిరి. అటుపిమ్మట అచట పోగైన కలుషితజలములో 6,75,000 గ్యాలన్లను మేరీలాండు రాష్ట్రమందలి బాల్టిమోరునకు తరలించి, ఒక ప్రైవేటు కర్మాగారమున శుద్ధిచేసి, బాక్ రివర్ మురుగునీటి కేంద్రమునకు వదలవలెనని సంకల్పించిరి.

నగరవాసులు వలదనిరి. వారి భయమును అజ్ఞానమని త్రోసిపుచ్చుట నాకు సమ్మతము కాదు. ముందు ప్రత్యేకశుద్ధి జరిపి, పరీక్షించి, పిదప మురుగుకాలువలోనికి విడుచుట పారిశ్రామిక నగరములందు వాడుకలోనున్న పద్ధతియే. అయినను, ఏ కేంద్రము తన యూరి మురుగునే సరిగా శుద్ధిచేయజాలక 2022 మార్చిలో రాష్ట్రసంస్థ అజమాయిషీ క్రిందికి పోయెనో, ఏ కేంద్రపు ఆవరణలో 2023 మార్చి 15న ప్రేలుడు సంభవించెనో, ఆ కేంద్రమే ఈ జలమునకు గమ్యమని విన్న చీసపీక్ అఖాత తీరవాసి కాగితముమీది హామీని ఎట్లు నమ్మగలడు?

మాసాంతమున మేయరు బ్రాండన్ స్కాట్ ఆ జలమును నగరపు మురుగువ్యవస్థలోనికి రానీయమనెను. అది న్యాయమే. కాని టెక్సాసునందలి హారిస్ కౌంటీ పెద్దలకు, అట్టి జలమే తమ ప్రాంతమునకు చేరుచున్నదను సంగతి, ట్యాంకర్లు రాసాగిన పిదపగాని తెలియలేదు. ముందుగా ఒక్కమాట చెప్పుటకు ఎవరికి ఏమి అడ్డువచ్చెను?