బిల్డింగులకు ఉన్న డబ్బు మనుషులకు లేదా?

మా మంగళగిరిలో ఎయిమ్స్‌కి 2015లో శంకుస్థాపన జరిగింది. 2024 ఫిబ్రవరిలో ప్రధాని జాతికి అంకితం చేశారు. ఖర్చు 1,618 కోట్లు. మంచిదే, కాదనను. కానీ బీపీ మాత్రలకి, షుగర్ పరీక్షకి కూడా పల్లె జనం బస్సెక్కి పెద్దాసుపత్రికి పోవాల్సొస్తే, ఆ బిల్డింగు ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఊళ్ళో వైద్య సిబ్బంది ఎందుకు నిలవట్లేదో తెలియాలంటే జీతం ఎట్టా వస్తందో చూడండి. నేషనల్ హెల్త్ మిషన్ సొమ్ములో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. ఆ కొలువుల్లో ఎక్కువ కాంట్రాక్టువే. పథకం నడిచినన్నాళ్ళే ఉద్యోగం. గ్రామ క్లినిక్కుల్లో పనిచేసే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు 2025 ఏప్రిల్ ఆఖర్లో రాష్ట్రమంతా సమ్మెకు దిగారు. ఏం అడిగారు? ఆరేళ్ళు చేసినోళ్ళని పర్మినెంట్ చెయ్యమన్నారు, పీఎఫ్ ఇమ్మన్నారు, తోటి ఉద్యోగులకిచ్చిన 23 శాతం పెంపు తమకూ ఇమ్మన్నారు. ఇవేమన్నా గొంతెమ్మ కోరికలా?

డాక్టర్ల సంగతీ అంతే. 2024లో ఇన్‌సర్వీస్ పీజీ కోటా తగ్గిస్తే పీహెచ్‌సీ డాక్టర్లు రోడ్డెక్కారు. స్పెషలిస్టులు సరిపడా ఉన్నారని సర్కారు వాదన. నేనంటా, కుర్ర డాక్టరు పల్లెలో నాలుగేళ్ళు ఓపిక పట్టేదే రేపు పీజీ సీటు వస్తదని. ఆ ఆశ తీసేస్తే ఇంక ఎవరొస్తారు?

జీతం పెంచినా డాక్టర్లు పల్లెలకి రారు అనేవాళ్ళున్నారు. కొంత నిజమే. పిల్లలకి బడి, ఉండటానికి క్వార్టర్స్, రాత్రి డ్యూటీకి తోడు కూడా కావాలి. అవన్నీ కూడా డబ్బుతో అయ్యేవే. ఇంక నర్సులు, ఏఎన్‌ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు చాలావరకు మన పల్లెల పిల్లలే. కొలువు గట్టిదైతే వాళ్ళు ఊరొదిలి ఎందుకు పోతారు?

డబ్బెక్కడిదంటారా? 2017 జాతీయ ఆరోగ్య విధానంలోనే రాసుకున్నారు: 2025కల్లా ప్రజారోగ్యానికి జీడీపీలో 2.5 శాతం ఖర్చు పెడతామని, రాష్ట్రాలు 2020కల్లా తమ బడ్జెట్లో 8 శాతం పైన పెట్టాలని. 2025 వచ్చింది, ఆ 2.5 మాత్రం రాలేదు.

మైదాన ప్రాంతంలో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అనేది సర్కారు లెక్కే. మీ పీహెచ్‌సీకి మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, అందులో కాంట్రాక్టువి ఎన్ని? ఈ మూడు అంకెలు గోడ మీద రాయమని వచ్చే గ్రామసభలో అడగండి. ఓట్లకి వచ్చేవాళ్ళని కూడా ఆ గోడ దగ్గరే నిలబెట్టి మాట్లాడిద్దాం.